పాపికొండల్లో వంగిన రాయి, పంగిడిలో పగిలిన రాయి: తేడా ఎక్కడుంది?

లంకరైతు (అయినవిల్లి వైపు)

పెద్దలకు నమస్కారమండి. పాపికొండల లాంచీలో వెళ్లినవారు గోదావరికి ఇరువైపులా నిలువుగా లేచిన రాతి గోడలను చూసే ఉంటారు. కొన్నిచోట్ల ఆ రాతిలోని తెల్లని, ఎర్రని చారలు తిన్నగా సాగక, మెలికలు తిరిగి, వచ్చిన దారినే వెనక్కి మళ్లుతాయి. అయినా మలుపు దగ్గర పగులు కనపడదు. మన ఇళ్ల శ్లాబులకు కంకర వచ్చే పంగిడి క్వారీల్లోని నల్లరాయి మాత్రం ఎక్కడ చూసినా దిమ్మెలు దిమ్మెలుగా బీటలు వారి ఉంటుంది. పట్టుమని వంద కిలోమీటర్లు లేని దూరంలో ఒక రాయి వంగి, ఒక రాయి విరిగి ఎందుకున్నాయి?

దీనికి అనుబంధంగా ఇంకొక సందేహం ఉంది. మా కోనసీమలో నుయ్యి తవ్వినా, బోరు వేసినా ఒండ్రు, ఇసుక తప్ప రాయి తగలదు. మా కాళ్ల కింద రాయి ఎంత లోతున ఉంది? అక్కడ అది వంగి ఉందా, విరిగి ఉందా?

గౌతమీతీరం (విశ్రాంత భూగర్భశాస్త్ర అధ్యాపకుడు, రాజమహేంద్రవరం)

గట్టి రాయి విరుగుతుందనీ, మెత్తని రాయి వంగుతుందనీ అనుకుంటే ఈ ప్రశ్నకు జవాబు దొరకదు. ఒకే రాయి ఒక పరిస్థితిలో విరుగుతుంది, వేరొక పరిస్థితిలో వంగుతుంది. ఆ పరిస్థితిని నిర్ణయించేవి ముఖ్యంగా లోతు, వేడి, నీరు, వీటన్నిటికన్నా తరచుగా మనం మరచిపోయే కాలం.

ముందుగా ప్రతిబలం అంటే ఏమిటో చూద్దాం. రాతిలో ఒక చదరపు మీటరు తలం మీద పడే బలమే ప్రతిబలం. దానివల్ల రాయి ఆకారంలోనో పరిమాణంలోనో వచ్చే మార్పు వికృతి. తక్కువ ప్రతిబలం వద్ద ఏ రాయి అయినా స్థితిస్థాపకంగానే ప్రవర్తిస్తుంది, అంటే బరువు తీసేయగానే యథాస్థితికి వస్తుంది. భూకంప తరంగాలు వేల కిలోమీటర్లు ప్రయాణించగలగడం ఈ గుణం వల్లనే. ప్రతిబలం ఒక హద్దు దాటిన తరువాత రాయికి రెండే దారులు ఉంటాయి: ఉన్నపళంగా పగలడం, లేదా పగలకుండా శాశ్వతంగా ఆకారం మార్చుకోవడం.

ఇక లోతు సంగతి. భూమిలోకి ఒక్కో కిలోమీటరు దిగేకొద్దీ పైనున్న రాతి బరువు వల్ల పీడనం సుమారు 25 నుంచి 27 మెగాపాస్కల్ పెరుగుతుంది (ఒక మెగాపాస్కల్ అంటే దాదాపు పది వాతావరణాల పీడనం). ఈ పీడనం అన్ని వైపుల నుంచీ నొక్కుతుంది కాబట్టి అది ఒక్కటే రాయిని విరగగొట్టదు, పైగా పగులు విప్పుకోకుండా అడ్డుపడుతుంది. జర్మనీలో థియోడర్ వాన్ కార్మాన్ 1911లో ప్రకటించిన ప్రయోగాలు ఈ విషయాన్ని స్పష్టం చేశాయి. ఆయన కరారా పాలరాతి స్తంభాలను యంత్రంలో నిలువుగా నొక్కాడు. చుట్టూ పీడనం లేనప్పుడు అవి ఠక్కున పగిలిపోయాయి. చుట్టూ కొన్ని వందల వాతావరణాల పీడనం పెట్టి నొక్కితే అదే పాలరాయి నడుమ ఉబ్బి పొట్టిదైంది కానీ ముక్కలు కాలేదు.

వేడి కూడా లోతుతో పాటే వస్తుంది. మామూలు ఖండపటలంలో కిలోమీటరుకు 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ చొప్పున పెరుగుతుందనుకుంటే, పది పన్నెండు కిలోమీటర్ల లోతున దాదాపు 300 డిగ్రీలు ఉంటుంది. క్వార్ట్జ్ స్ఫటికాలు ఘనస్థితిలోనే మెల్లగా పారడం మొదలుపెట్టేది ఆ ప్రాంతంలోనే. ఫెల్డ్‌స్పార్ అనే మరో ఖనిజానికి ఇంకా ఎక్కువ, 450 డిగ్రీలకు పైన కావాలి. ఖండాల్లో ఎక్కువ భూకంపాలు పై పదిహేను, ఇరవై కిలోమీటర్లలోనే పుట్టడానికి ఇదే ప్రధాన కారణం. ఆ కిందనున్న రాయి సాధారణంగా విరిగేదాకా ఆగదు, ముందే మెల్లగా పారడం మొదలుపెడుతుంది.

పాపికొండల్లో మీరు చూసిన రాళ్లలో ఎక్కువ భాగం ఖోండలైట్, చార్నొకైట్ జాతులు. ఖోండలైట్ ఒకప్పటి బంకమట్టి అవక్షేపం. తూర్పు కనుమల కథలో అది పాతిక ముప్పై కిలోమీటర్ల లోతుకు చేరి, కొన్నిచోట్ల 900 డిగ్రీలు దాటిన వేడిలో దాదాపు వంద కోట్ల ఏళ్ల కిందట రూపాంతరం చెందింది. ఆ మడతలు పడింది అక్కడే. ఆ తరువాత పైనున్న రాయంతా కోతకు గురై కొట్టుకుపోవడంతో అప్పటి లోతైన పొర నేడు మీ లాంచీ పక్కన నిలబడి ఉంది. పంగిడి నల్లరాయి, అంటే బసాల్ట్, జీవితం ఇందుకు పూర్తిగా భిన్నం. అది సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట నేల మీద పారిన లావా. ఎన్నడూ అంతటి లోతు, అంతటి ఒత్తిడి చూడలేదు.

క్వారీమేస్త్రి (కొవ్వూరు)

మాస్టారి మాటకు నా అనుభవం కొంత జోడిస్తాను. పంగిడి వైపు నల్లరాతిలో పగుళ్లన్నీ ఒకే జాతివి కావు. కొన్ని పగుళ్లు నిలువుగా, దగ్గర దగ్గరగా ఉండి రాతిని పలకల దిమ్మెలుగా విడగొడతాయి. వాటి ముఖాలు గరుకుగా ఉంటాయి, అటూ ఇటూ రాయి కదిలిన జాడ ఏమీ ఉండదు. మరికొన్ని ఎప్పుడో గాని కనపడవు. ఆ ముఖం నునుపుగా ఉండి, దాని మీద గీతలు ఒకే వైపుకు సాగి ఉంటాయి. ఒక్కోసారి సున్నపు తెల్లపొర కూడా అంటుకొని ఉంటుంది. తూటా పెట్టేటప్పుడు మేము ఈ రెండో రకం చూసి జాగ్రత్తపడతాము, ఎందుకంటే దిమ్మె మొత్తం ఆ ముఖం మీదుగా జారి వచ్చే ప్రమాదం ఉంది. ఈ రెండింటి పుట్టుకలో తేడా ఏమిటో చెప్పగలరా?

ఇంకొక మాట. ఎంతటి గట్టి రాయి అయినా నొక్కితే ఓర్చుకుంటుంది, లాగితే ఓర్చుకోదు. ఉలి వరుసగా దిగ్గొట్టి రాయిని చీల్చేవాడికి ఈ సంగతి పుస్తకం చదవకుండానే తెలుసు.

గౌతమీతీరం

మేస్త్రి గారు చెప్పిన చివరి మాటే మొదటి రకం పగుళ్లకు జవాబు. రాతి తన్యబలం, అంటే లాగుడును తట్టుకునే శక్తి, నొక్కుడును తట్టుకునే శక్తిలో ఉజ్జాయింపుగా పదో వంతు. సుమారు 1,100 డిగ్రీల వేడితో పారిన లావా గట్టిపడిన తరువాత కూడా చల్లారుతూ కుంచించుకుపోవాలి. చుట్టూ ఉన్న రాయి పట్టి ఉంచడం వల్ల కుంచించుకోలేని రాతిలో లాగుడు పుడుతుంది, ఆ లాగుడుకు పగుళ్లు విచ్చుకుంటాయి. వాటికి భూమి కదలికతో సంబంధం లేదు. మొదటి రకం పగుళ్లలో ఎక్కువ భాగం ఇవే.

రెండో రకం భ్రంశం. అక్కడ రాయి విచ్చుకోలేదు, ఒరుసుకుంటూ జారింది. గీతలు ఆ ఒరిపిడి గుర్తులు. తెల్లపొర ఆ సందులోకి చేరిన నీటి నుంచి పేరుకున్న కాల్సైట్. నొక్కుడు కింద రాయి నేరుగా నొక్కిన దిశకు అడ్డంగా విరగదు. గరిష్ఠ ప్రతిబలం ఉన్న దిశకు సుమారు 30 డిగ్రీల కోణంలో ఏటవాలు తలం మీద తెగి జారుతుంది. బ్రిటిష్ భూవిజ్ఞాని ఇ.ఎం. ఆండర్సన్ 1905లో దీని మీద సులువైన తర్కం కట్టాడు. భూమి ఉపరితలం మీద గాలి తప్ప ఏమీ లేదు కాబట్టి అక్కడ ఒరిపిడి ప్రతిబలం ఉండదు. అందువల్ల ప్రధాన ప్రతిబలాల్లో ఒకటి నిలువుగా ఉండక తప్పదు. ఆ నిలువు ప్రతిబలమే అన్నిటికన్నా పెద్దదైతే, అంటే నేల పక్కలకు సాగుతున్నప్పుడు, సుమారు 60 డిగ్రీల వాలుతో సాధారణ భ్రంశాలు పుడతాయి. అదే అన్నిటికన్నా చిన్నదైతే, నేల పక్కల నుంచి నలుగుతున్నప్పుడు, 30 డిగ్రీల వాలుతో విలోమ భ్రంశాలు ఏర్పడతాయి. మధ్యరకమైతే భ్రంశం దాదాపు నిలువుగా ఉండి, రెండు వైపులూ పక్కలకు జారుకుంటాయి.

పూతరేకులింటి కోడలు (ఆత్రేయపురం)

చర్చ చదువుతుంటే మా ఇంటి పనే కళ్ల ముందు కదిలింది. కుండ మీద నుంచి తీసిన రేకు ఆరిన తరువాత మడవబోతే పొడిపొడిగా విరిగిపోతుంది. అదే రేకును తడిగుడ్డతో ఒక్కసారి అద్ది, చెమ్మ పట్టాక చుడితే ఎన్ని మడతలైనా పడుతుంది. రాతికి కూడా వేడి, ఒత్తిడితో పాటు చెమ్మ వల్ల ఇలా జరుగుతుందా అండి?

గౌతమీతీరం

జరుగుతుందమ్మా. మీ పోలిక చాలామంది పాఠ్యపుస్తక రచయితలకు తట్టనిది. క్వార్ట్జ్ స్ఫటికంలో సిలికాన్, ఆక్సిజన్ బంధాల మధ్యకు అతి స్వల్పంగా నీరు చేరినా, ఆ బంధాలు తెగి మళ్లీ కట్టుకోవడం సులభమై, పొడి క్వార్ట్జ్ వంగని వేడిలో తడి క్వార్ట్జ్ వంగుతుంది. 1960లలో గ్రిగ్స్, బ్లాసిక్ ప్రయోగశాలలో చూపిన విషయం ఇది. ఒక్క హెచ్చరిక మాత్రం చేయాలి. స్ఫటికం లోపలికి చేరిన నీరు రాయిని వంగేట్లు చేస్తుంది. స్ఫటికాల మధ్య ఖాళీల్లో ఒత్తిడితో నిలిచిన నీరు రాయిని త్వరగా విరిగేట్లు చేస్తుంది. రేకుల పనిలో ఈ రెండో సంగతికి తావు లేదు.

కాలం గురించి చెబుతానని వదిలేశాను. పర్వతాలు పుట్టేచోట రాయి ఆకారం మారే వేగం సెకనుకు కోటి కోట్ల వంతుల్లో ఒక వంతు స్థాయిలో ఉంటుంది. ఈ లెక్కన కిలోమీటరు పొడవున్న రాయి ఏడాదికి మిల్లీమీటరులో మూడో వంతు కురచవుతుంది. పది లక్షల ఏళ్లు ఆగితే అదే మొత్తం పొడవులో దాదాపు మూడో వంతు అవుతుంది. అదే రాయి మీద అదే మార్పును ఒక్క నిమిషంలో తేవాలనుకుంటే ముక్కలు ఏరుకోవలసిందే.

డిగ్రీ విద్యార్థి (అమలాపురం)

మా ప్రాక్టికల్స్‌లో ఖోండలైట్ ముక్క ఇచ్చారు. అందులో ఎర్రని గార్నెట్ గింజలు గుండ్రంగానే ఉన్నాయి, వాటి చుట్టూ తెల్లని క్వార్ట్జ్ మాత్రం నాడాల్లాగా సాగి, గింజ దగ్గరకు రాగానే రెండుగా చీలి, అవతల మళ్లీ కలిసింది. ఒకే రాతిలో ఒక ఖనిజం సాగి, ఇంకొకటి సాగకపోవడం ఎలా? మడతల్లో కొన్ని వెడల్పుగా, కొన్ని ఇరుకుగా ఎందుకు ఉంటాయి?

గౌతమీతీరం

మీ చేతిలోని ముక్క ఈ చర్చకంతటికీ సాక్ష్యం. ఒకే వేడి, ఒకే పీడనం, ఒకే కాలం. అయినా క్వార్ట్జ్ పారింది, గార్నెట్ నిలిచింది. అంటే ‘ఈ లోతులో రాయి వంగుతుంది’ అనడం కూడా మోటు మాటే, ఏ ఖనిజం అన్నది కూడా చెప్పాలి. అవకాశముంటే ఆ ముక్కతో చేయించిన పలుచని ఛేదాన్ని సూక్ష్మదర్శినిలో చూడండి. మీరు చెప్పిన గార్నెట్లలోనే సన్నని పగుళ్లు కనబడవచ్చు. చుట్టూ ఉన్నది సాగుతుంటే సాగలేనిది పగులుతుంది.

మడతల వెడల్పును నిర్ణయించేది పొర మందం, పక్క పొరతో పోల్చితే దాని బిగువు. మెత్తని పొరల మధ్య చిక్కిన మందపాటి బిగువైన పొర పెద్ద పెద్ద మడతలు పడుతుంది, పలుచని పొర చిన్న మడతలు పడుతుంది. వంగిన పొర వెలుపలి వంపులో లాగుడు, లోపలి వంపులో నొక్కుడు ఉంటాయి, నడుమ ఎక్కడో రెండూ లేని తలం ఉంటుంది. అందుకే తక్కువ లోతులో పడ్డ మడతల్లో వెలుపలి అంచున పగుళ్లు కనిపిస్తాయి. మన రాష్ట్రంలోనే మడతలు విరివిగా చూడాలంటే నల్లమలకు వెళ్లండి; అక్కడ క్వార్ట్జైటు పొరలు, పలకరాతి పొరలు కలిసి ముడతలు పడిన తీరులో ఈ తేడా బాగా తెలుస్తుంది.

రిగ్గుమనిషి (రాజోలు)

కోనసీమ కింద ఏముందన్న ప్రశ్న అలాగే మిగిలిపోయింది కాబట్టి, చమురు బావుల పనిలో ఉన్నవాడిగా నేను చెబుతాను. సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట అంటార్కిటికా మన తూర్పు తీరం నుంచి విడిపోయేటప్పుడు ఇక్కడి నేల పక్కలకు సాగి, మాస్టారు చెప్పిన సాధారణ భ్రంశాల వెంట విరిగింది. కొన్ని దిమ్మెలు పైన నిలిచాయి, కొన్ని దిగబడ్డాయి. ఈశాన్యం నుంచి నైరుతికి సాగే ఈ వరుసల్లో తణుకు దిమ్మె, కాజ–కైకలూరు దిమ్మె పైకి నిలిచినవి. వాటి మధ్య పల్లాల్లో అవక్షేపాలు పేరుకున్నాయి. లోతైన చోట్ల వాటి మందం ఐదు కిలోమీటర్లకు పైమాటే. అంటే తణుకులో నిలబడ్డవారి కింద పాత గట్టి రాయి దగ్గరగా, అమలాపురంలో నిలబడ్డవారి కింద చాలా దూరంగా ఉంటుంది. పైన వరిచేను మాత్రం రెండుచోట్లా ఒకే మట్టం.

రాజమహేంద్రవరం దగ్గర నేల మీద కనిపించే బసాల్ట్ పొరకు జోడీ పొర రాజోలు, నరసాపురం బావుల్లో కిలోమీటర్ల లోతున తగులుతుంది. అది అంత కిందికి దిగడంలో వంపు ఎంత, విరుపు ఎంత అంటే రెండూ ఉన్నాయి. పొర మొత్తంగా సముద్రం వైపు ఒరిగింది, దారిలో భ్రంశాల వెంట మెట్లు మెట్లుగా తెగింది. మత్స్యపురి–పాలకొల్లు భ్రంశం దాటి సముద్రం వైపు వెళితే తరువాతి కాలపు అవక్షేపాలు ఒక్కసారిగా మందమవుతాయి. దీన్ని మేము గ్రోత్ ఫాల్ట్ అంటాము. గోదావరి తెచ్చి పోసిన బరువుకు ఒక వైపు దిగుతూనే ఉంటుంది, దిగినకొద్దీ అక్కడే మరింత ఒండ్రు చేరుతుంది.

ఖాళీల్లోని నీటి ఒత్తిడి గురించి మాస్టారు అన్న మాట మా పనికి ప్రాణం. బంకమట్టి పొర త్వరత్వరగా పూడుకుపోయినప్పుడు అందులోని నీరు తప్పించుకోలేక, పైబరువులో కొంత తానే మోస్తుంది. అప్పుడు రేణువుల మీద పడే అసలు ప్రతిబలం తగ్గి, రాయి తన లోతుకు తగ్గ బలం చూపించదు. 1959లో హబర్ట్, రూబీ పెద్ద పెద్ద రాతి పలకలు స్వల్పమైన వాలు మీద కూడా జారగలగడానికి ఇదే కారణమని వివరించారు. మా డ్రిల్లింగ్ మడ్ (తవ్వేటప్పుడు బావిలో నింపే చిక్కని బురద ద్రవం) బరువు ఆ ఖాళీల పీడనం కన్నా ఎక్కువ ఉండాలి, లేకపోతే గ్యాసు ఎగదన్నుతుంది. రాతిని చీల్చే పీడనం కన్నా తక్కువ ఉండాలి, లేకపోతే మడ్ పగుళ్లలోకి పోతుంది. కొన్ని లోతుల్లో ఈ రెండు హద్దుల మధ్య సందు చాలా ఇరుకు. 1995 జనవరిలో పాశర్లపూడిలో అంటుకొని రెండు నెలలకు పైగా మండిన బావిని చూసినవారికి కింద ఎంతటి పీడనం దాగి ఉంటుందో వేరే చెప్పనక్కరలేదు.

ఇంకొక చిత్రమైన సంగతి. గుండ్రని బిట్టుతో తవ్విన బావి కిందికి వెళ్లాక గుండ్రంగా మిగలదు. క్షితిజ దిశల్లో ప్రతిబలం తక్కువగా ఉన్న వైపు గోడలు పెళ్లలుగా రాలి, బావి కోలగా అవుతుంది. కాలిపర్ లాగ్ (బావి వెడల్పు కొలత) తీసి చూస్తే ఆ కోల ఎటు తిరిగి ఉందో తెలుస్తుంది, దాన్నిబట్టి భూపటలం ఏ దిక్కు నుంచి ఎక్కువగా నొక్కబడుతోందో చెప్పవచ్చు.

లంకరైతు

చాలా సంతోషమండి. ఒక భయం కూడా తీర్చండి. 2024 డిసెంబరు 4న ములుగు ప్రాంతంలో భూకంపం వచ్చింది. అంత పాత విరుపులు ఇప్పుడు ఎందుకు కదలాలి? 1986 ఆగస్టు వరదలో ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు పారినప్పటి వంటి నీటి బరువుకు కింద రాయి వంగదా?

భీమవరం ఇంజినీరు

రెండో ప్రశ్న ముందు తీసుకుంటాను. పది మీటర్ల లోతు నీరు నేల మీద వేసే బరువు 0.1 మెగాపాస్కల్, అంటే నాలుగు మీటర్ల మందం రాతి బరువుతో సమానం. కిలోమీటర్ల లోతున ఇప్పటికే పదుల మెగాపాస్కల్ మోస్తున్న రాతికి ఇది లెక్కలోనిది కాదు. అయినా స్థితిస్థాపక వంపు ఉంటుంది, కొలవవచ్చు కూడా. బంగ్లాదేశ్‌లో వానాకాలపు నీటి బరువుకు నేల ఐదారు సెంటీమీటర్ల వరకు దిగి, నీరు తీసిన తరువాత తిరిగి లేవడాన్ని జీపీఎస్ స్టేషన్లు నమోదు చేశాయి. అక్కడ నీరు పరుచుకునే విస్తీర్ణం మన డెల్టా కన్నా ఎన్నో రెట్లు ఎక్కువ.

ములుగు భూకంపం తీవ్రత 5.3, 1969 ఏప్రిల్ 13న భద్రాచలం దగ్గర వచ్చినది 5.7. రెండూ ప్రాణహిత–గోదావరి పగులు లోయకు చెందినవే. భారత పలక ఉత్తరాన ఆసియాను నెడుతూ ఉన్నందువల్ల దేశం మొత్తం మీద నొక్కుడు ఉంది. కొత్తగా రాయిని విరవడం కన్నా పాత విరుపు మీద జార్చడానికి తక్కువ బలం చాలు, ఎందుకంటే అక్కడ ఎదిరించవలసింది చాలావరకు ఒరిపిడినే. జేమ్స్ బైర్లీ 1978లో చూపినట్లు, ఆ ఒరిపిడి గుణకం దాదాపు అన్ని రాళ్లకూ 0.6 నుంచి 0.85 మధ్యే ఉంటుంది.

నా వృత్తిరీత్యా మన డెల్టాలో నన్ను ఎక్కువగా కలవరపెట్టేది మాత్రం వంగే రాయీ కాదు, విరిగే రాయీ కాదు. రాయి కాని పై పొర. నీటి మట్టం నేలకు దగ్గరగా ఉన్న వదులు ఇసుక బలంగా ఊగితే, రేణువుల మధ్య నీటి ఒత్తిడి పెరిగి, ఇసుక కాసేపు ద్రవంగా మారుతుంది. 1934 బిహార్ భూకంపంలోనూ, 2001లో కచ్‌లోనూ ఇది పెద్ద ఎత్తున జరిగింది. కాబట్టి ఏటిగట్టుకు దగ్గరలో రెండంతస్తులు దాటి కట్టేవారు మట్టి పరీక్షలో ఇసుక బిగువు, నీటి మట్టం రెండూ రాయించుకోవడం అవసరం.

క్వారీమేస్త్రి

నునుపు ముఖం మీది గీతలను బట్టి దిమ్మె ఎటు జారిందో చెప్పడానికి వీలుందా మాస్టారూ? ఇప్పుడు పని జరుగుతున్న అంచున ఒకటి బయటపడింది.

గౌతమీతీరం

ఉంది. కాల్సైట్ పొర మీద గీతల వెంట అరచేతిని రెండు వైపులా మెల్లగా నడపండి. ఒక వైపు నునుపుగా పోతుంది, తిరిగి వచ్చేటప్పుడు చిన్న చిన్న మెట్లు చేతికి తగులుతాయి. చేయి నునుపుగా పోయిన వైపుకే, ఇప్పుడు అక్కడ లేని ఎదుటి దిమ్మె జారిందని సాధారణంగా లెక్క. ఒక్క ముఖాన్ని నమ్మి తేల్చకండి, పక్కనున్న మరో రెండు మూడు ముఖాలు కూడా చూడండి. తూటా పెట్టే లోపు ఫొటో తీసి ఇక్కడ పెట్టండి. పక్కన ఒక స్కేలు ఉంచి, ఉత్తరం ఎటో, ఆ తలం ఎటు వాలి ఉందో రాస్తే, ఏ రకం భ్రంశమో అందరం కలిసి చూద్దాం.